చెక్ డిస్కులో అమ్మ గొంతు

మా ఇంట్లో సినిమాలు చూడకూడదు, తన్నుకునే సినిమాలు తప్ప. ఈ చట్టం చేసింది మా అవ్వ, అంటే నాయనని కన్నతల్లి. పాటలుంటే పాపం, ముద్దులుంటే మహాపాపం. ఇద్దరు మగవాళ్ళు ఎగిరెగిరి తన్నుకుంటే మాత్రం ఆమెకి అందులో తప్పేమీ కనపడేది కాదు. "బైబిల్లో కొట్టుకోలా? దావీదు గొల్యాతుని కొట్టినాడు. సమ్సోను గాడిద దవడెముక పట్టుకోని ఎంతమందిని కొట్టినాడు," అనేది. పాట లేని తెలుగు సినిమా ఎక్కడ దొరుకుతుంది? అందుకని మా ఇంటికి హాంకాంగ్ సినిమాలొచ్చాయి. తోటపల్లి గూడూరు పక్కన, రొయ్యల గుంటల మధ్య, క్రైస్తవుల ఇంట్లో పెరిగిన ఆడపిల్లకి కుంగ్‌ఫూ సినిమాల మీద ఇంత పట్టు ఎలా వచ్చిందని ఇప్పటికీ అడుగుతుంటారు. మా అవ్వ భక్తి వల్ల వచ్చిందని చెబితే నవ్వులాట అనుకుంటారు.

నాయన పెళ్ళి వీడియోలు తీసేవాడు. కెమెరా భుజానేసుకుని మా మండలంలో ఆయన దూరని పెళ్ళిపందిరి లేదు. పనిమీద నెల్లూరు వెళ్ళినప్పుడల్లా ఒక క్యాసెట్ తెచ్చేవాడు. దాన్ని ముందు అవ్వ చూడాలి. మంచం మీద బాసింపట్టు వేసుకుని, వక్క నములుతూ, మొదటి నుంచి చివరి దాకా కన్నార్పకుండా చూసేది. ఆమె సరేనన్నాక మా వంతు. సెన్సారు వాళ్ళకి కత్తెరతో పనుంటుంది. మా అవ్వకి నాయన ఉన్నాడు.

ఇప్పుడు నేను కృష్ణపట్నం దారిలో ఒక రొయ్యల ఫ్యాక్టరీలో నాణ్యత చూసే ఉద్యోగం చేస్తున్నాను. మెత్తబడిన పెంకు, నల్లమచ్చ, ఐసు సరిగ్గా తగలక వచ్చే వాసన, ఇవి పట్టుకోవడం నా పని. ఇంటికొచ్చాక ఇంకో రకం నాణ్యత చూస్తాను. పాత ఆసియా యాక్షన్ సినిమాలు శుభ్రంచేసి డిస్కులుగా తెస్తుంటారు. వాటి మీద ఒక వెబ్ పత్రికకి రాస్తాను. సినిమా బాగుందా లేదా అన్నది ఎవరికి వాళ్ళు చెప్పుకోగలరు, దానికి నేనక్కర్లేదు. డిస్కులోకి ఎక్కించినవాళ్ళు ఆ సినిమాని కాపాడారా, పాడుచేశారా అన్నది నేను చెబుతాను. నలుపు నలుపుగానే ఉందా, బూడిదరంగుకి తిరిగిందా? ముఖాల మీద ఫిల్ముకి సహజంగా ఉండే సన్నటి రవ్వ మిగిలిందా, తుడిచి తుడిచి మనుషుల్ని మైనపుబొమ్మలు చేశారా? గుద్దు చప్పుడు ఆనాటిదేనా, కొత్త చప్పుడు అంటించారా? నా కంటికి దొరక్కుండా ఇంతవరకు ఏ డిస్కూ పోలేదు. నా రాతలంటే డిస్కులు తెచ్చేవాళ్ళకి ఒళ్ళు మంట. అయినా అచ్చుకి పోయేముందు చెక్ డిస్కు పంపించి, చూసి చెప్పమ్మా అని అడిగేది నన్నే.

ఫ్యాక్టరీలో నాకొక పద్ధతి ఉంది. మచ్చలున్న రొయ్యలు కొన్ని నేనే ఏరి, మంచి రొయ్యల ట్రేలో కలిపి, ఏమీ ఎరగనట్టు గ్రేడింగు బల్ల మీదికి పంపిస్తాను. అక్కడి ఆడవాళ్ళు వాటిని పట్టుకుంటే ఆ రోజు పని మీద నమ్మకం పెట్టుకోవచ్చు. వదిలేస్తే ఆ రోజు లోడు మొత్తం మళ్ళీ చూడాలి. దీన్ని మా దగ్గర దొంగరొయ్య అంటారు. నేను దొంగరొయ్య వేశానని తెలిస్తే బల్ల దగ్గర తిట్టుకుంటారు, కానీ జాగ్రత్తగా ఉంటారు. ఈ పద్ధతినే నేను సినిమా డిస్కుల దాకా తీసుకెళ్ళాను. ఈ కథంతా అక్కడే మొదలైంది.

చెన్నైలో ఒక చిన్న కంపెనీ ఉంది. మరిచిపోయిన హాంకాంగ్ సినిమా ఒకదాన్ని వాళ్ళు డిస్కుగా తెస్తున్నారు. అసలు భాష ట్రాకు దొరికింది, బొమ్మ దొరికింది, తెలుగు డబ్బింగు మాత్రం ఎక్కడా దొరకలేదు. అది నా చిన్నప్పటి సినిమా. నాయన క్యాసెట్ ఇంకా బీరువా అడుగున, బియ్యం సంచిగుడ్డలో చుట్టి ఉంది. ఉప్పుగాలికి మిగతా క్యాసెట్లన్నీ బూజు పట్టి పోయాయి. పెళ్ళిళ్ళ క్యాసెట్లు, చర్చి పండగల క్యాసెట్లు అన్నీ పోయినా అదొక్కటి నిలిచింది. నేను ఆ క్యాసెట్‌ని కంపెనీకి పంపించాను. అందులో ఒక దొంగరొయ్య ఉందన్న సంగతి వాళ్ళకి చెప్పలేదు. చెవులున్నవాడు ఎవడైనా మొదటిసారి వినగానే పట్టుకుంటాడని నా ధీమా.

ఆ దొంగరొయ్య ఏమిటో చెప్పాలంటే సినిమా కథ కొంచెం చెప్పాలి. రేవులో మూటలు మోసే కుర్రాడు ఒకడు. సముద్రం పక్క పల్లె నుంచి పట్నానికి వచ్చినవాడు. వాడి స్నేహితుణ్ణి ఒక రౌడీ నాయకుడు చంపిస్తాడు. కుర్రాడు పగబట్టి, అడ్డమొచ్చిన వాళ్ళనందరినీ చితకబాది, చివరికి ఆ నాయకుడి బార్లోకి దూసుకుపోతాడు. నాయకుడి గొంతు పట్టుకుని పిడికిలి ఎత్తుతాడు. అప్పుడు ఆ బార్లో పాటలు పాడే పిల్ల ఒకతి, ఎర్రగౌను వేసుకుని, మైకు ముందుకొచ్చి పాట అందుకుంటుంది. పిడికిలి గాల్లోనే ఆగిపోతుంది. పాట అయ్యేదాకా కుర్రాడు కదలడు. తర్వాత చెయ్యి దించేసి, నాయకుణ్ణి వదిలేసి బయటికి పోతాడు. సినిమా ఆఖర్లో ఆ పిల్లని పడవెక్కించుకుని వాళ్ళ పల్లెకి తీసుకుపోతాడు.

సినిమా మొత్తానికి పాట అదొక్కటే. అవ్వకి అదే అడ్డుపడింది. ఎర్రగౌను పిల్ల నోరు తెరిచీ తెరవకముందే "ఆపెయ్" అంది. నాయనకి ఆ సినిమా ఫైటింగులంటే ప్రాణం, వదులుకోవడానికి మనసొప్పలేదు. ఆ ముక్క వరకు శబ్దం తీసేస్తానన్నాడు.

"మాట లేకుండా బొమ్మ ఆడతా ఉంటే బో వెలితిగా ఉంటదిమా," అని ఆయనే మళ్ళీ నసిగాడు.

"అయితే మంచి పాట పెట్టు. నీ పెళ్ళాం ఉండాది గదా," అంది అవ్వ.

అమ్మ మా చర్చిలో పాటలు నడిపించేది. ఆమె గొంతు గురించి నేను చెబితే కూతురు కాబట్టి చెబుతోంది అంటారు, అందుకని ఒక్కమాటే చెబుతాను. పక్క ఊళ్ళవాళ్ళు మా చర్చిలో పెళ్ళి పెట్టుకోవాలంటే, ముందు పాస్టరు గారిని కాదు, అమ్మ ఊళ్ళో ఉంటుందా అని అడిగేవాళ్ళు.

నాయన వీసీఆర్‌లో ఒక సదుపాయం ఉండేది. బొమ్మ జోలికి పోకుండా శబ్దం మాత్రం చెరిపి, ఆ చోట వేరే శబ్దం ఎక్కించొచ్చు. పెళ్ళి క్యాసెట్లకి సన్నాయి కలపడానికి కొన్నది అది. దాన్ని వరండాలోకి లాగి, టీవీ ముందు అమ్మని పీట మీద కూర్చోబెట్టి, చేతికి మైకు ఇచ్చాడు. టీవీ గొంతు పూర్తిగా తగ్గించేశాడు, ఆ పిల్ల పాట అమ్మ చెవినపడినా అవ్వ ఊరుకోదు. అమ్మ ఎర్రగౌను పిల్ల నోరు చూస్తూ, ఆ పిల్ల ఆగినప్పుడు తానూ ఆగుతూ, ఊపిరి తీసుకున్నప్పుడు తానూ తీసుకుంటూ, పాత కీర్తన ఒకటి ఆ నోటికి సరిపెట్టి పాడింది. వెనక గుంటల్లో రొయ్యలకి గాలి అందేలా నీళ్ళు చిలికే గాలిచక్రాలు తిరుగుతున్న చప్పుడు. అవ్వ వక్క నమలడం ఆపి వింది.

అలా మా ఇంటి సినిమాలో, సిగరెట్టు పొగల మధ్య, సారా గ్లాసుల మధ్య, ఎర్రగౌను పిల్ల నోరు తెరిస్తే మా అమ్మ దేవుడి పాట వచ్చేది. మాకది వింతగా ఉండేది కాదు. ఇరుగుపొరుగు పిల్లలు వచ్చి చూసినా వాళ్ళకీ వింతగా ఉండేది కాదు. ఆ కుర్రాడు చెయ్యి ఎందుకు దించాడని నేనడిగితే అవ్వ దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "పాట ఇని వాడి మనసు మారింది. మారదా మరి?" పిల్లని పడవెందుకు ఎక్కించుకున్నాడంటే, "అది కూడా మారింది" అనేది. ఇంతకంటే పద్ధతైన కథ ఇంకోటుంటుందని నేను చాలాకాలం అనుకోలేదు.

అవ్వ పోయింది. నేను పెళ్ళిచేసుకుని నెల్లూరులో కాపురం పెట్టాను. అమ్మకి థైరాయిడ్ గడ్డ పెరిగి ఆపరేషన్ చేయించాల్సి వచ్చింది. గొంతు మారొచ్చని డాక్టరు ముందే చెప్పాడు, మారింది. మాట వస్తుంది, కానీ బొంగురుగా, మధ్యమధ్య గాలి ఒక్కటే వచ్చినట్టుంటుంది. పాట రాదు. అమ్మ దాని గురించి ఎవరి దగ్గరా ఏడవలేదు. ముందు వరసలోంచి లేచి ఆఖరు బెంచీకి వెళ్ళింది, అంతే. పాటల పుస్తకం తెరుచుకుని పెదవులు కదిలిస్తుంది. అది చూడలేక నేను తల తిప్పుకునేదాన్ని. గొంతు బాగున్న రోజుల్లో ఫోనులో రికార్డు చేద్దామంటే, "నేను పాడేది దేవుడికి, ఫోనుకి కాదు," అని తోసేసేది. కాబట్టి ఆమె పాట ఈ భూమ్మీద ఆ క్యాసెట్‌లో తప్ప ఇంకెక్కడా లేదు.

చెక్ డిస్కు కొరియర్‌లో వచ్చింది. నా పద్ధతి ప్రకారం ముందు అసలు భాష ట్రాకుతో చూశాను. నిజం చెప్పాలంటే బొమ్మ దగ్గర నేను వంక పెట్టడానికి పెద్దగా ఏమీ దొరకలేదు. మా క్యాసెట్‌లో రేవు ఫైటింగు అంతా నల్లటి మడ్డిలా ఉండేది, ఎవడు ఎవణ్ణి కొడుతున్నాడో అంచనాగా తెలుసుకునేవాళ్ళం. ఇందులో చేపల బుట్టల మీద తడి కనిపిస్తోంది, కుర్రాడి చొక్కా చేతికి అంటుకున్న పొలుసు కనిపిస్తోంది. వాడు మిద్దె మీది నుంచి దూకినప్పుడు నడుముకి కట్టిన తీగ కూడా ఒక్క క్షణం కనిపించింది. కొందరు దాన్ని కంప్యూటర్లో తుడిచేస్తారు. వీళ్ళు తుడవలేదు. తీగ కట్టుకునైనా సరే, అంత ఎత్తు నుంచి దూకింది మనిషే. నేను దానికి మార్కులు వేశాను. ఒక్క తప్పు పట్టాను: ఇంటి లోపలి సన్నివేశాల్లో ఎరుపు కాస్త ఎక్కువ పెట్టారు, అందరికీ జ్వరమొచ్చినట్టుంది. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌లో ఒకచోట వరస తప్పింది, బాబాయిని తాత చేశారు.

తర్వాత ఎర్రగౌను పిల్ల మైకు ముందుకొచ్చింది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ పిల్ల సొంత గొంతు విన్నాను. పాట కింద సబ్‌టైటిల్స్ పడుతున్నాయి. అది జోలపాట. వాళ్ళ పల్లెలో తల్లులు పిల్లల్ని నిద్రపుచ్చుతూ పాడేది. కుర్రాడి పిడికిలి ఆగింది అందుకు. ఆ పిల్ల తన పల్లెదని, తన తల్లి పాడిన పాటే పాడుతోందని వాడికి ఆ క్షణంలో తెలుస్తుంది. అక్కడ నాయకుణ్ణి చంపితే ఆ మంట ఆ పిల్ల మీద పడుతుందని వదిలేస్తాడు. చివర్లో పడవ ఎందుకో కూడా ఇప్పుడు తెలిసింది. 

ఆ తర్వాత తెలుగు ట్రాకు పెట్టాను. కంపెనీవాళ్ళు శబ్దాన్ని కడిగిన బియ్యంలా తయారుచేశారు. గరగర లేదు, ఎగుడుదిగుడు లేదు. ఎర్రగౌను పిల్ల నోరు తెరిచింది. అమ్మ పాడింది. క్యాసెట్‌లో దుప్పటి కప్పుకున్నట్టు వినపడే గొంతు, పక్కన కూర్చుని పాడినట్టు వచ్చింది. ఊపిరి తీసుకోవడం వినపడింది. వెనక గాలిచక్రం తిరగడం వినపడింది. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను, ఇందులో దాచడానికేముంది.

దొంగరొయ్యని వాళ్ళు పట్టుకోలేదు. రూలు ప్రకారం ఆ లోడు మొత్తం మళ్ళీ చూడాలి. ఆ సంగతి చెప్పడానికే కంపెనీ ఆయనకి ఫోను చేశాను. నేను నోరు తెరిచేలోపు ఆయనే మొదలుపెట్టాడు.

"మేడం, తెలుగు ట్రాకులో ఆ బార్ పాట విన్నారా? బార్‌లో భక్తిపాట పెట్టాలని ఆ డబ్బింగువాళ్ళకి ఎలా తట్టిందో గానీ, మా ఆఫీసులో అందరూ అదే కూనిరాగం తీస్తున్నారు. పైగా వెనకాల వాన చప్పుడు ఎంత అందంగా కలిపారో చూడండి. ఆ రోజుల్లో ఎవరితో పాడించారో మీకేమైనా తెలుసా? పేరు దొరికితే డిస్కు అట్ట మీద వేద్దాం."

వాన కాదది, మా గుంట అని చెప్పాలి. చెప్పలేదు. కనుక్కుని చెబుతానన్నాను. ఫోను పెట్టేశాక నా బుర్ర చకచకా పనిచేసింది. అసలు ట్రాకు వేరే ఉంది కదా, జోలపాట కావలసినవాళ్ళు అది వింటారు. తెలుగు ట్రాకు అంటే తెలుగువాళ్ళు ఆ రోజుల్లో ఎలా విన్నారో అలా. మా వీధిలో తెలుగువాళ్ళు అలాగే విన్నారు. వాదన గట్టిగానే ఉంది, ఎవరితోనైనా నిలబడి గెలవగలను. నాకు కావలసింది ఒక్కటే, ఆ గొంతు ఎక్కడో ఒకచోట, బూజు పట్టని చోట, ఆమె పేరుతో ఉండిపోవాలి. నివేదికలో "తెలుగు ట్రాకు: లోపాల్లేవు" అని రాసి పెట్టుకున్నాను. పంపడానికి ముందు అమ్మకి వినిపించి, పేరు వెయ్యడానికి సరేననిపించుకోవాలి, అంతే మిగిలింది.

ఆదివారం చర్చి అయ్యాక డిస్కు, ప్లేయరు తీసుకుని ఊరికి పోయాను. అన్నాలు తిన్నాక టీవీకి తగిలించాను. నాయన కళ్ళజోడు తుడుచుకుని ముందుకు జరిగి కూర్చున్నాడు. అమ్మ గోడకి ఆనుకుని, ఒళ్ళో చేట పెట్టుకుని చింతపండులో గింజలు తీస్తోంది. అవ్వ పోయాక కూడా అమ్మకి టీవీ వైపు తిన్నగా చూసే అలవాటు కాలేదు, పనిలో పనిగా చూస్తుంది.

మొదట్లో కుర్రాడి తల్లి గుడిసె ముందు కూర్చుని వల బాగుచేసుకుంటూ ఏదో రాగం తీస్తుంది. కూనిరాగమే కాబట్టి అవ్వ దాన్ని అప్పట్లో పాటకింద కట్టలేదు. తర్వాత ఫైటింగులొచ్చాయి. నాయన చిన్నపిల్లాడిలా కాళ్ళు ఊపుతూ చూశాడు. బార్ వచ్చింది. పిల్ల వచ్చింది. అమ్మ పాట మొదలైంది.

అమ్మ చెయ్యి చేటలో ఆగిపోయింది. చివరిదాకా వింది. నాయన మాత్రం పాటకంటే ఎక్కువగా మా ముఖాలు చూస్తున్నాడు.

"అతుకు యాడన్నా తెలిసిందా? చెన్నపట్నం వాళ్ళే కనుక్కోలేక పొయ్యినారంట," అన్నాడు.

"రెండో చరణంలో శ్రుతి దిగింది. ఇంకోసారి పాడతానని ఆ పొద్దే చెప్పినా, నువ్విన్లా," అంది అమ్మ.

నేను అందుకున్నాను. ఈ పాట డిస్కులో వస్తుందని, ఎన్నో దేశాల్లో కొనుక్కుంటారని, అట్ట మీద నీ పేరు వేస్తామంటున్నారని చెప్పాను. అమ్మ చేట పక్కన పెట్టింది.

"ఆ పిల్ల ఏం పాడిందో అది పెట్టు," అంది.

"ఇప్పుడెందుకు మే అది?" అన్నాడు నాయన.

"నా పాట నాకు తెలుసు. దాని పాట నేను ఇన్లా గదా."

ట్రాకు మార్చి అదే సన్నివేశం మళ్ళీ పెట్టాను. ఆ పిల్ల గొంతు సన్నం. శిక్షణ ఉన్న గొంతు కాదు, పైకి పోయినచోట కాస్త చీలుతుంది. అమ్మ టీవీ వైపు తిన్నగా చూసింది. ఆ పిల్ల ఊపిరి తీసుకున్నప్పుడల్లా అమ్మ భుజాలు కొద్దిగా లేచాయి. ఏ చోట ఆగాలో, ఏ చోట అందుకోవాలో ఆమెకి ఇంకా గుర్తున్నాయి. పాట అయిపోయింది. "ఇంకోసారి," అంది. మళ్ళీ పెట్టాను.

"మొదట్లో వల కుట్టుకుంటా ఆ ముసలామె తీసిన రాగం ఇదేగా?" అంది.

అవునన్నాను. అది వాడి తల్లి పాడే జోలపాట అని, అందుకే చెయ్యి దించాడని చెప్పాను.

"అయితే మీ అవ్వ చెప్పింది తప్పన్నమాట," అని నవ్వింది. గాలి నవ్వు. తర్వాత, "నా పాట తీసేయమని చెప్పు వాళ్ళకి," అంది.

నా వాదనంతా బయటపెట్టాను. అసలు ట్రాకు వేరే ఉందన్నాను, ఇష్టమైనవాళ్ళు అది వింటారన్నాను. నాయన కూడా నా పక్కకే వచ్చాడు. అమ్మ మా ఇద్దరినీ మాట్లాడనిచ్చింది.

"వాడికి వాళ్ళమ్మ గుర్తొచ్చేది ఆ పాటతో. నా పాటతో ఎట్టొస్తది? ఆ పిల్ల పొగలో నిలబడి, ఊపిరి పట్టుకోని పాడింది. దాని నోరు జూసి పాడినదాన్ని, నాకు తెలుసు అది ఎంత కష్టపడిందో. మీ అవ్వ చెప్పిందని దాని నోరు మూసి నా పాట పెట్టినాం. అప్పుడు మన ఇంటి వరకే. ఇప్పుడు ఊరందరి ముందర గూడా మూస్తావా?"

"నీ గొంతు ఇంకెక్కడా లేదు మా," అన్నాను. 

"లేదని నాకు తెలీదా? అది పొయ్యింది. పొయ్యినదాన్ని డిస్కులో పెట్టి దేశాలకి చూపిస్తే నాకు తిరిగొస్తదా? ఆ పిల్లది పోలా. దాని పాట దానికియ్యి."

ఆమె చేట మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది. నాయన రిమోటు నా చేతిలోంచి తీసుకుని టీవీ కట్టేశాడు. ఆయన ముఖం చూస్తే జాలేసింది. జీవితంలో ఆయన వేసిన అతుకులన్నిటిలోకీ మంచి అతుకు అది.

ఇంటికొచ్చి నివేదిక మార్చి రాశాను. బొమ్మకి మంచి మార్కులే వేశాను. ఎరుపు తగ్గించమన్నాను, బాబాయిని బాబాయి చెయ్యమన్నాను. తెలుగు ట్రాకు కింద, బార్ సన్నివేశంలో పాట సినిమాది కాదని, అసలు ట్రాకులోంచి జోలపాట తెచ్చి అక్కడ కలపాలని రాశాను. కంపెనీ ఆయన వెంటనే ఫోను చేశాడు. అంత మంచి పాట తీసేయమంటారేంటి మేడం, మీకెలా తెలుసు అది సినిమాది కాదని, అన్నాడు.

"పాడింది మా అమ్మ. మీరు వాన అనుకున్నది మా గుంటలో గాలిచక్రం," అన్నాను.

 ఆయన పగలబడి నవ్వాడు, నేనూ నవ్వాను. దొంగరొయ్య సంగతి చెబితే మాత్రం నవ్వలేదు, ఇకమీదట మీ దగ్గర నుంచి ఏ క్యాసెట్ వచ్చినా ముగ్గురిచేత వినిపిస్తానన్నాడు. అదే నాకు కావలసింది. పని మాత్రం శ్రద్ధగా చేశారు. జోలపాటని తెలుగు ట్రాకులో అతుకు తెలియకుండా కలిపారు. అమ్మ పాటని విడిగా తీసి నాకు పంపించారు. అది నా ఫోనులో ఉంది. అమ్మకి ఉందని తెలుసు, అడగదు, నేను వినిపించను.

డిస్కు బజారులోకి వచ్చింది. నా సమీక్షకి చదివినవాళ్ళు ఎప్పటిలాగే రెండు వర్గాలై కొట్టుకున్నారు, ఎరుపు సంగతి మీద. ఒక డిస్కు అమ్మానాయనలకి ఇచ్చి, ప్లేయరు కూడా అక్కడే వదిలేసి వచ్చాను. నాయన ఫైటింగుల కోసం చూసుకుంటాడనుకున్నాను.

ఆ తర్వాత ఒక సెలవు రోజు ఊరికి వెళ్ళాను. వాకిలి తీసే ఉంది, నాయన లేడు. పెరట్లోంచి సన్నగా ఏదో వినపడింది. ముందు పంపు మోటారు అనుకున్నాను. వెనక గుమ్మం దాకా వెళితే, అమ్మ తొట్టి పక్కన కూర్చుని రొయ్యలు వొలుస్తూ పాడుకుంటోంది. బొంగురు గొంతు. మధ్యలో గాలి. కీర్తన కాదు. ఆపరేషన్ తర్వాత ఆమె నోట పాట వినడం నాకు అదే మొదలు. మాటలు లేవు, ఆ భాష ఆమెకి రాదు, రాగం మాత్రం తప్పకుండా పోతోంది. ఎర్రగౌను పిల్ల జోలపాట.

నన్ను చూసి కూడా ఆపలేదు. అంతా అయ్యాక ఆపింది.

"ఎప్పుడు నేర్చుకున్నావు మా?" అన్నాను.

"మీ నాయన బయటికి పోయినప్పుడు పెట్టుకుంటా."

"మరి మన పాటలు పాడుకోవచ్చుగా?"

అమ్మ చేతిలో రొయ్యకి పెంకు లాగి, గిన్నెలో వేసింది.

"అయ్యెట్టుండాలో నాకు తెలుసు. మనోళ్ళందరికీ తెలుసు. ఈ గొంతుతో అయ్యి పాడితే నాకే కష్టంగా ఉంటది. ఇది ఎట్టుండాలో మనూళ్ళో ఎవురికి తెలుసు?"

నేను పీట లాక్కుని పక్కన కూర్చుని రొయ్యలు అందుకున్నాను. ఆమె మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. గొంతు చీలినచోట చీలింది, గాలి పోయినచోట పోయింది. ఊపిరి మాత్రం ఆ పిల్ల తీసుకున్నచోటే తీసుకుంది.